గ్యాస్ ఆధారిత విద్యుత్ కేంద్రాలు – కర్బన ఉద్గారాలు (ఆంధ్రప్రదేశ్)

నిర్వచనం, పరిధి

సహజ వాయువును ఇంధనంగా మండించి, ఆ వేడితో టర్బైన్లను తిప్పి విద్యుత్తును ఉత్పత్తి చేసే కర్మాగారాన్ని గ్యాస్ ఆధారిత విద్యుత్ కేంద్రం అంటారు. సహజ వాయువులో అధిక భాగం మీథేన్. ఈథేన్, ప్రొపేన్, నత్రజని, బొగ్గుపులుసు వాయువు కొద్ది పాళ్లలో కలిసి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కేంద్రాలన్నీ దాదాపుగా గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ వాటి అంచులలోనూ ఏర్పడ్డాయి. కేంద్రాలు లేని రాయలసీమలో, ఉదాహరణకు చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని రామకుప్పం మండలంలో, వాటి ఉత్పత్తి గ్రిడ్ ద్వారా వచ్చే సరఫరాలో కలిసిపోయి వినియోగదారుకు చేరుతుంది. కనుక ఈ వ్యాసం ఉత్పత్తి జరిగే చోటునూ వినియోగించే చోటునూ కలిపి పరిశీలిస్తుంది.

పనిచేసే తీరు

గ్యాస్ టర్బైన్‌లో మూడు ప్రధాన భాగాలు ఉంటాయి. కంప్రెసర్ బయటి గాలిని పీల్చుకుని ఒత్తిడి పెంచుతుంది, దహనగదిలో ఆ గాలితో కలిసి వాయువు మండుతుంది, వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు మించిన ఆ వేడి వాయుప్రవాహం టర్బైన్ రెక్కలను తిప్పుతుంది. టర్బైన్‌లో పుట్టిన శక్తిలో సగానికి అటూఇటూ కంప్రెసర్‌ను నడపడానికే ఖర్చయి, మిగిలినది మాత్రమే జనరేటర్‌కు చేరుతుంది. పీల్చుకునే గాలి ఎంత చల్లగా, చిక్కగా ఉంటే యంత్రం అంత ఎక్కువ ఉత్పత్తి ఇస్తుంది. యంత్రాల సామర్థ్యాన్ని అంతర్జాతీయంగా 15 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద లెక్కగట్టి చెబుతారు కాబట్టి, రాజమహేంద్రవరం, విజయవాడ పరిసరాల్లో ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో, అంటే విద్యుత్ అవసరం తారస్థాయిలో ఉండే రోజుల్లోనే, ఈ యంత్రాల ఉత్పత్తి పలకపై రాసిన అంకె కంటే గణనీయంగా తగ్గుతుంది.

టర్బైన్ నుంచి బయటికి వచ్చే పొగలో ఇంకా 550 నుంచి 600 డిగ్రీల వేడి మిగిలి ఉంటుంది. దాన్ని నేరుగా గాలిలోకి వదిలేస్తే ఆ కేంద్రాన్ని ఓపెన్ సైకిల్ కేంద్రం అంటారు. అందులో ఇంధనంలోని శక్తిలో 30–40 శాతం మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. ఆ వేడితో నీటిని ఆవిరిగా మార్చి మరొక టర్బైన్‌ను తిప్పితే అది కంబైన్డ్ సైకిల్ కేంద్రం అవుతుంది. అదనపు ఇంధనం లేకుండానే మొదటి టర్బైన్ ఉత్పత్తిలో దాదాపు సగం మేర విద్యుత్తు ఆవిరి టర్బైన్ నుంచి లభిస్తుంది కాబట్టి మొత్తం సామర్థ్యం 50 శాతానికి, నవీన యంత్రాల్లో 60 శాతానికి పైగా చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద గ్యాస్ కేంద్రాలన్నీ ఈ రెండో రకానికి చెందినవే. గ్యాస్ ఇంజన్లు, కర్మాగారాలు సొంత అవసరానికి పెట్టుకునే ఆవిరి–విద్యుత్ సహోత్పత్తి యూనిట్లు వంటి చిన్న రకాలు ఉన్నప్పటికీ గ్రిడ్ స్థాయిలో వాటి పాత్ర స్వల్పం.

చరిత్ర: ప్రపంచం, భారతదేశం

ప్రజలకు విద్యుత్ అందించిన తొలి గ్యాస్ టర్బైన్ 1939లో స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో నెలకొంది. బ్రౌన్ బోవెరి సంస్థ తయారుచేసిన ఆ యంత్రం సామర్థ్యం 4 మెగావాట్లు. భారతదేశంలో పశ్చిమ తీరపు వాయువును ఉత్తరాదికి చేర్చే హజీరా–విజయపూర్–జగదీశ్‌పూర్ పైపులైను వచ్చాక, 1980ల చివర, ఎన్టీపీసీ ఆ దారి వెంట ‘అంతా’, ‘ఔరయ్యా’ అనే ఊళ్ల వంటి చోట్ల గ్యాస్ కేంద్రాలను నిర్మించింది. పైపులైను ఎటు పోతే కేంద్రం అటు వెలిసే ఈ పద్ధతి కృష్ణా–గోదావరి బేసిన్‌లోనూ కొనసాగింది.

చరిత్ర: గోదావరి తీరం

కోనసీమ భూగర్భంలో ఓఎన్జీసీ 1980లలో కనుగొన్న వాయువు ఆంధ్రప్రదేశ్ గ్యాస్ విద్యుత్తుకు పునాది. ధవళేశ్వరం ఆనకట్ట పడమటి కొసన ఉన్న విజ్జేశ్వరంలో ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ 100 మెగావాట్ల తొలి దశను, తరువాత 172 మెగావాట్ల రెండో దశను నెలకొల్పింది. 1988లో ఏర్పడిన ఈ సంస్థ నిర్మాణం ఆనాటికి కొత్తది: ప్రభుత్వ విద్యుత్ సంస్థతో పాటు పరిశ్రమలు కూడా వాటాదారులుగా చేరి, తమ వాటా మేరకు విద్యుత్తును వాడుకునే ఉమ్మడి రంగ ఏర్పాటు అది.

1991 తర్వాత విద్యుదుత్పత్తిలోకి ప్రైవేటు పెట్టుబడిని అనుమతించినప్పుడు కేంద్ర ప్రభుత్వం వేగంగా పూర్తి చేయదలచి ఎంచుకున్న ఎనిమిది ప్రాజెక్టులలో కడియం మండలం జేగురుపాడులోని జీవీకే కేంద్రం, కాకినాడలోని స్పెక్ట్రమ్ కేంద్రం ఉన్నాయి. పూల మొక్కల నర్సరీలకు పేరుపడిన కడియం పొలాల నడుమ లేచిన జేగురుపాడు కేంద్రం దేశంలో ప్రైవేటు రంగంలో పనిచేయడం మొదలుపెట్టిన తొలి స్వతంత్ర ఉత్పత్తి కేంద్రాలలో అగ్రగామి. విజయవాడ సమీపాన కొండపల్లిలో ల్యాంకో, సామర్లకోట వద్ద బీఎస్ఈఎస్, వేమగిరిలో జీఎంఆర్, పెద్దాపురం ప్రాంతంలో గౌతమి, రావులపాలెం దగ్గర కోనసీమ గ్యాస్ పవర్ ఆ తరువాత దశాబ్దంలో వచ్చాయి. మంగళూరులో నాఫ్తాతో నడిచిన జీఎంఆర్ తేలియాడే విద్యుత్ కేంద్రాన్ని కూడా 2010లో కాకినాడకు తెచ్చి గ్యాస్‌కు మార్చారు. బార్జిపై అమర్చిన 220 మెగావాట్ల కేంద్రం ఒక తీరం నుంచి మరో తీరానికి తరలి రావడం ఆ రోజుల్లో గోదావరి గ్యాస్‌పై ఉన్న నమ్మకం ఎంతటిదో తెలుపుతుంది.

ఆ నమ్మకానికి ఆధారం కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్‌లో, బంగాళాఖాతంలో ఉన్న కేజీ–డీ6 క్షేత్రం. రిలయన్స్ 2002లో కనుగొన్న ఈ క్షేత్రం 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టి 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అభివృద్ధి ప్రణాళిక ఆశించినది 8 కోట్లు. అయితే భూగర్భ పొరల నుంచి వచ్చే వాయువు అనుకున్న దాని కంటే వేగంగా తగ్గి, 2013–14లో సగటు కోటిన్నర కిందికి దిగింది. కేటాయింపుల్లో ఎరువుల కర్మాగారాలకు ముందు వరుస ఉన్నందున 2013 మార్చి నుంచి ఈ క్షేత్రపు వాయువు విద్యుత్ కేంద్రాలకు పూర్తిగా ఆగిపోయింది. అప్పటికే నిర్మాణం పూర్తయిన, లేదా పూర్తికావస్తున్న యంత్రాలు ఇంధనం లేక నిలిచిపోయాయి. సామర్లకోటలో రిలయన్స్ పవర్ సిద్ధం చేసిన 2,400 మెగావాట్ల కేంద్రం ఒక్క గంట కూడా వాణిజ్యపరంగా నడవలేదు; దానిలోని ఒక మాడ్యూల్ యంత్రాలు చివరకు బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు చేరాయి.

దేశవ్యాప్తంగా ఇలా నిలిచిన సామర్థ్యం 14,305 మెగావాట్లని కేంద్ర ప్రభుత్వం గుర్తించి, 2015 మార్చిలో దిగుమతి ద్రవీకృత వాయువును రాయితీతో సరఫరా చేసే రెండేళ్ల పథకాన్ని ఆమోదించింది. వేలం పద్ధతిలో సాగిన ఈ పథకం కింద గోదావరి తీరపు కేంద్రాలు కొన్ని కొంతకాలం నడిచాయి, పథకం ముగియగానే ఆగాయి. ల్యాంకో, కోనసీమ కేంద్రాల వ్యవహారాలు దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లాయి. జేగురుపాడు తొలి దశ మాత్రం వేరే దారి పట్టింది: విద్యుత్ కొనుగోలు ఒప్పందం ముగిశాక 2016లో విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) దాన్ని కొనుగోలు చేయగా, గోదావరి గ్యాస్ విద్యుత్ కేంద్రం అనే పేరుతో ప్రభుత్వ ఉత్పత్తి సంస్థ ఏపీజెన్కో నిర్వహణలోకి వచ్చింది. డీ6 బ్లాకులో 2020 డిసెంబరు నుంచి కొత్త బావులు ఉత్పత్తి మొదలుపెట్టినా, ఆ వాయువు మార్కెట్ ధరకు అమ్ముడవుతుంది కాబట్టి పాత కేంద్రాలకు చౌక ఇంధనంగా తిరిగి రాలేదు.

ఈ లెక్కలన్నిటి వెనుక మనుషులు చెల్లించిన మూల్యం కూడా నమోదు చేయదగినది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్జీసీ బావిలో లేచిన మంటలు 65 రోజుల పాటు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. కొబ్బరి తోటలు, ఇళ్లు కాలిపోయాయి. పగిలినది కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వాయువును మోసుకుపోయే లైను.

ఉద్గారాల రసాయనం, పరిమాణం

మీథేన్ మండినప్పుడు ప్రతి అణువు నుంచి ఒక అణువు బొగ్గుపులుసు వాయువు, రెండు అణువుల నీరు వెలువడతాయి. బరువులో చెబితే ఒక కిలో మీథేన్ 2.75 కిలోల బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. బొగ్గులో శక్తి దాదాపు అంతా కర్బనం నుంచే వస్తుండగా, మీథేన్‌లో గణనీయ భాగం హైడ్రోజన్ నుంచి వస్తుంది. అందువల్ల ఒక గిగాజౌల్ వేడికి సహజ వాయువు 56 కిలోల బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తే, విద్యుత్ కేంద్రాల్లో వాడే బొగ్గు 95 కిలోల వరకు విడుదల చేస్తుంది.

తేడాకు ఇది ఒక కారణం మాత్రమే. పాతతరం బొగ్గు కేంద్రం వేడిలో 35 శాతాన్ని విద్యుత్తుగా మారిస్తే, కంబైన్డ్ సైకిల్ 50 శాతం మారుస్తుంది. రెండు కారణాలు కలిసినప్పుడు గ్యాస్‌తో తీసిన ఒక యూనిట్ (కిలోవాట్-గంట) విద్యుత్తుపై పడే కర్బన భారం బొగ్గు యూనిట్‌పై పడే దానిలో సగం కంటే తక్కువ అవుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నుంచి ప్రకటిస్తున్న ఉద్గారాల పట్టికల్లో బొగ్గు కేంద్రాల సగటు యూనిట్‌కు ఒక కిలోకు కాస్త తక్కువగా, గ్యాస్ కేంద్రాల సగటు 0.4–0.5 కిలోల మధ్య, దేశ గ్రిడ్ మొత్తం సగటు ఇటీవలి సంవత్సరాల్లో 0.7 కిలోల పైచిలుకుగా కనిపిస్తాయి.

ఒక కేంద్రం స్థాయిలో చూస్తే, 220 మెగావాట్ల కంబైన్డ్ సైకిల్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడవడానికి రోజుకు దాదాపు 10 లక్షల ఘనపు మీటర్ల వాయువు కావాలి. అది 52 లక్షల పైచిలుకు యూనిట్లను ఇచ్చి 2,100 టన్నుల వరకు బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. అదే విద్యుత్తును బొగ్గుతో తీస్తే 5,000 టన్నులు వెలువడతాయి. గ్యాస్ కేంద్రం శుభ్రమైనదే గాని ఉద్గార రహితమైనది కాదని, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే గాని ఏదో ఒకదాన్ని మాత్రమే చెప్పడం సరికాదని ఇక్కడ గమనించాలి.

కర్బనం కాని కాలుష్యాల్లో తేడా ఇంకా పెద్దది. గంధక సంబంధ వాయువులు నామమాత్రం, బూడిద సున్నా. భారతీయ బొగ్గులో బూడిద 30–40 శాతం ఉంటుంది కనుక ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి విస్తారమైన బూడిద చెరువులు అవసరమయ్యాయి. దానికి కూతవేటు దూరాన కొండపల్లిలో ఉన్న గ్యాస్ కేంద్రానికి అటువంటిదేమీ అక్కర్లేదు. అధిక ఉష్ణోగ్రత వల్ల గాలిలోని నత్రజని ఆక్సైడ్‌లుగా మారడం మాత్రం గ్యాస్ టర్బైన్లకు ఉన్న సమస్యే. వాయువునూ గాలినీ ముందుగానే పలచగా కలిపి మండించే బర్నర్లతో దాన్ని అదుపు చేస్తారు.

పొగగొట్టానికి బయటి ఉద్గారాలు

పైన చెప్పిన అంకెలు పొగగొట్టం వరకే లెక్కగట్టినవి. బావి నుంచి టర్బైన్ వరకు సాగే దారిలో మండకుండా కారిపోయే మీథేన్‌ను అవి లెక్కించవు. వాతావరణ మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) ఆరో మదింపు నివేదిక ప్రకారం శిలాజ మూలపు మీథేన్ వేడిని పట్టి ఉంచే శక్తి, వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే 30 రెట్లు, ఇరవయ్యేళ్ల లెక్కన 80 రెట్లకు పైన. సరఫరా గొలుసులో లీకేజీ మూడు శాతం దరిదాపులకు చేరితే, ఇరవయ్యేళ్ల లెక్కలో బొగ్గుతో పోల్చినప్పుడు గ్యాస్‌కు ఉన్న మేలు చాలావరకు కరిగిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. బావికి పక్కనే కేంద్రం ఉండే కోనసీమ ఏర్పాటులో ఈ దారి చిన్నది. దిగుమతి వాయువుకు మాత్రం మైనస్ 162 డిగ్రీలకు చల్లబరచి ద్రవంగా మార్చడం, ఓడలో రవాణా, తిరిగి వాయువుగా మార్చడం అనే మూడు దశలు తోడవుతాయి. ఒక్క ద్రవీకరణలోనే వాయువులో దాదాపు పదో వంతు ఖర్చవుతుంది. కనుక రాయితీ పథకం కింద 2015లో నడిచిన కేంద్రాల ఉద్గారాలు, అవే కేంద్రాలు స్థానిక వాయువుతో నడిచిన నాటి కంటే, పొగగొట్టం దగ్గర సమానంగా కనిపించినా మొత్తంగా ఎక్కువ.

నడిచే తీరును బట్టి కూడా అంకె మారుతుంది. సగం భారంతో నడిచినప్పుడు, రోజూ ఆపి మళ్లీ వెలిగించినప్పుడు, ఆవిరి భాగం వేడెక్కేలోపు ఓపెన్ సైకిల్‌లో నడిచినప్పుడు యూనిట్‌కు ఉద్గారం పెరుగుతుంది. అతి తక్కువ సమయం నడిచే నేటి కేంద్రాల సగటు, నిరంతరం నడిచిన నాటి సగటుతో సరిపోలకపోవడానికి ఇదొక కారణం.

నడవని కేంద్రం, తగ్గని కర్బనం

2010–11 ప్రాంతంలో దేశ విద్యుత్తులో సుమారు 12 శాతం గ్యాస్ నుంచి వచ్చింది. ఇప్పుడది 2 శాతం చుట్టుపక్కల ఉంది. 2024లో స్థాపిత సామర్థ్యం 25,000 మెగావాట్లకు దగ్గరగా ఉన్నా, దానిలో ఐదో వంతు కూడా వినియోగంలోకి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్యాస్ ఆగిన లోటును ప్రధానంగా బొగ్గే పూరించింది. కొత్త బొగ్గు యూనిట్లు కృష్ణపట్నంలోనూ, రాయలసీమలో ముద్దనూరు వద్ద రాయలసీమ థర్మల్ కేంద్రం విస్తరణలోనూ వచ్చాయి. రాష్ట్రపు గ్యాస్ కథలో కర్బనం విషయాన్ని తేల్చినది దహన రసాయనం కంటే ఇంధన లభ్యతే. యూనిట్‌కు సగం ఉద్గారమే ఉన్న యంత్రం ఆగి ఉన్నంత కాలం దాని మేలు కాగితానికే పరిమితం.

ఆర్థిక నియమం కూడా ఇదే దిశలో పనిచేస్తుంది. గ్రిడ్ నిర్వాహకులు ఏ గంటకు ఎవరి నుంచి విద్యుత్తు తీసుకోవాలో ఇంధన ఖర్చు ఆధారంగా నిర్ణయిస్తారు. దిగుమతి వాయువుతో తీసిన యూనిట్ బొగ్గు యూనిట్ కంటే బాగా ఖరీదు కనుక వరుసలో చివర నిలుస్తుంది. వరుసలో కర్బనానికి ధర లేదు. 2024 వేసవిలో గిరాకీని తట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ కింద మే, జూన్ నెలల్లో గ్యాస్ కేంద్రాలను నడపాలని ఆదేశించడం ఈ వరుసకు మినహాయింపు.

వినియోగ ప్రాంతం: రామకుప్పం, కుప్పం

రామకుప్పం, కుప్పం, గుడుపల్లె, శాంతిపురం మండలాలకు విద్యుత్తు కుప్పం గ్రామీణ విద్యుత్ సహకార సంఘం ద్వారా అందుతుంది. స్థానికంగా రెస్కో అని పిలిచే ఈ సంఘం దక్షిణ ప్రాంత డిస్కం నుంచి మొత్తంగా కొని చిల్లరగా పంపిణీ చేస్తుంది. సొంత ఉత్పత్తి కేంద్రం లేని ఇటువంటి సంఘానికి ఏ కేంద్రపు యూనిట్ ఎవరికి చేరిందో విడదీసే వీలు లేదు. గ్రిడ్ సగటే దాని కర్బన భారం.

ఈ పీఠభూమిలో విద్యుత్ ప్రధానంగా భూగర్భ జలాన్ని పైకి తెస్తుంది. మల్బరీ, టమాటా, పశుగ్రాసం పండే పొలంలో 7.5 అశ్వశక్తి బోరు మోటారు తొమ్మిది గంటలు నడిస్తే సుమారు 60 యూనిట్లు ఖర్చవుతాయి. బొగ్గు విద్యుత్తయితే ఆ రోజుకు దాదాపు 60 కిలోల బొగ్గుపులుసు వాయువు, గ్యాస్ అయితే 30 కిలోల లోపు, గ్రిడ్ సగటున 45 కిలోల వరకు దాని ఖాతాలో పడతాయి. పంపిణీ నష్టాలు దీనికి అదనం. నీటిమట్టం దిగజారి బోరును ఇంకా లోతుకు దించినప్పుడు అదే నీటికి ఎక్కువ యూనిట్లు కావాలి కాబట్టి కరవు ఏడాది ఉద్గారాలు కూడా పెరుగుతాయి. హంద్రీ–నీవా కుప్పం ఉపకాలువ నీరు చెరువులకు చేరితే బోరు భారం తగ్గుతుంది గాని, ఆ నీటిని శ్రీశైలం జలాశయం నుంచి అంచెలంచెలుగా ఎత్తిపోసే పంపుల విద్యుత్తును కూడా లెక్కలో చేర్చాలి.

వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల సరఫరా ఇచ్చే విధానం వల్ల సగటు లెక్క కంటే వాస్తవ ఉద్గారం తక్కువ కావచ్చు. కర్నూలు, అనంతపురం ప్రాంతాల సౌర పార్కుల ఉత్పత్తి ఆ గంటల్లోనే ఉంటుంది. సాయంత్రం సూర్యుడు వాలాక వెలిగే దీపం, ఆడే మిక్సీ మాత్రం ఎక్కువగా బొగ్గుపై ఆధారపడతాయి. ఒకే ఇంటి రెండు యూనిట్లకు రెండు వేర్వేరు కర్బన భారాలు ఉండటాన్ని సగటు అంకె కప్పిపుచ్చుతుంది.

రామకుప్పానికి భౌగోళికంగా దగ్గరి గ్యాస్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. అది బెంగళూరు శివారు యలహంకలో, పూర్వం డీజిల్ కేంద్రం ఉన్న స్థలంలో కర్ణాటక పవర్ కార్పొరేషన్ నిర్మించి 2024లో ప్రారంభించిన 370 మెగావాట్ల కంబైన్డ్ సైకిల్ కేంద్రం. కర్ణాటకకు ఇదే తొలి ప్రభుత్వ గ్యాస్ కేంద్రం. దాభోల్–బెంగళూరు పైపులైను ఇందుకు ఇంధన మార్గం.

ఉద్గారాలను తగ్గించే మార్గాలు

పొగలోని బొగ్గుపులుసు వాయువును రసాయన ద్రావకాలతో పట్టి భూగర్భంలో నింపడం ఒక మార్గం. గ్యాస్ టర్బైన్ పొగలో ఆ వాయువు 3–4 శాతమే ఉండగా బొగ్గు పొగలో 12–15 శాతం ఉంటుంది కనుక, గ్యాస్ కేంద్రంలో అదే బరువును పట్టడానికి కొన్ని రెట్లు ఎక్కువ పొగను వడగట్టాలి. ఇంధనంలో హైడ్రోజన్ కలపడం రెండో మార్గం. అయితే హైడ్రోజన్‌కు ఘనపు మీటరుకు ఉండే వేడి మీథేన్‌లో మూడో వంతే కాబట్టి పరిమాణంలో 30 శాతం కలిపినా ఉద్గారాలు 10–12 శాతానికి మించి తగ్గవు. పైపులైన్లు, కవాటాల లీకేజీని కనిపెట్టి మరమ్మతు చేయడం ఈ రెంటికన్నా తక్కువ ఖర్చుతో, తక్షణం ఫలితమిచ్చే పని. నగరం దుర్ఘటన తర్వాత అదే పని ప్రాణ రక్షణకు కూడా సంబంధించినదని తేలింది.

గ్రిడ్‌లో గ్యాస్ స్థానం

కంబైన్డ్ సైకిల్ కేంద్రం బొగ్గు కేంద్రం కంటే వేగంగా ఉత్పత్తిని పెంచగలదు, తగ్గించగలదు. సౌర విద్యుత్ పడిపోయే సాయంత్రపు రెండు మూడు గంటలను భర్తీ చేయడానికి ఈ గుణం పనికివస్తుందని, ఆగిపోయిన కేంద్రాలకు అదే సరైన పాత్ర అని ఒక వాదం. దీనికి వ్యతిరేకంగా, రోజుకు మూడు గంటల కోసం కేంద్రానికి ఏడాదంతా స్థిర చార్జీలు చెల్లించడం వినియోగదారుకు భారమనీ, నిల్వ సాధనాలు ఆ పనిని ఉద్గారం లేకుండా చేస్తాయనీ మరొక వాదం. నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద నిర్మించిన పంప్డ్ స్టోరేజీ పథకం ఈ రెండో మార్గానికి చెందినది: పగటి సౌర విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, చీకటి పడ్డాక కిందికి వదిలి విద్యుత్తు తీస్తుంది. ప్రభుత్వం దేశ ఇంధన వినియోగంలో సహజ వాయువు వాటాను 2030 నాటికి 6 శాతం నుంచి 15 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకున్నా, ఆ పెరుగుదలను ఎక్కువగా ఆశిస్తున్నది ఎరువులు, వాహనాలు, వంటగ్యాస్ పైపులైన్ల నుంచే. గోదావరి తీరంలో ఇంకా యంత్రాలు మిగిలి ఉన్న కేంద్రాలు సాయంత్రపు గంటల కోసం ఈ నిల్వ పథకాలతో ధరలో పోటీపడవలసి ఉంది.